డ్రాగన్ బాల్ ఫైటర్జ్ ఇప్పుడు కొనొచ్చా? నా రివ్యూ ఇది, ఆడినవాళ్లు మీ మాట కూడా రాయండి

గాజువాక_గోహన్:
ఇక్కడ నారుటో స్టార్మ్, స్పార్కింగ్ జీరో లాంటి అనిమే గేమ్స్ గురించి బోలెడు చర్చ జరిగింది కానీ డ్రాగన్ బాల్ అనిమే మీద తీసిన ఫైటింగ్ గేమ్ ఫైటర్జ్ గురించి తెలుగులో తీరిగ్గా ఎవరూ రాసినట్టు లేదు. 2018 జనవరిలో వచ్చిన గేమ్‌కి ఇప్పుడు రివ్యూ ఏంటి అంటారేమో, కారణం ఉంది. 2024 ఫిబ్రవరి 29న పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ వెర్షన్లు వచ్చాక ఆన్‌లైన్ ఆట పూర్తిగా మారిపోయింది, పైగా సేల్ పెట్టినప్పుడల్లా ఎవరో ఒకరు "అన్నా, పాతది కదా, దీనికి డబ్బు పెట్టొచ్చా" అని మెసేజ్ చేస్తూనే ఉన్నారు. అందరికీ ఒకేచోట చెప్పేస్తాను.

పెట్టొచ్చు. కానీ కథ కోసం కాదు, పక్కన కూర్చుని ఆడే మనిషి ఒకరుంటే, లేదా ఆన్‌లైన్‌లో ఓడిపోతూ నేర్చుకునే ఓపిక ఉంటే.

తయారు చేసింది ఆర్క్ సిస్టమ్ వర్క్స్, పబ్లిష్ చేసింది బందాయ్ నామ్కో. ఆర్క్ వాళ్లు అంతకుముందు గిల్టీ గియర్ ఎక్స్‌ఆర్‌డీలో 3డీ బొమ్మల్ని చేత్తో గీసిన 2డీ బొమ్మల్లా చూపించే పద్ధతి పట్టుకున్నారు, అదే ఇక్కడ డ్రాగన్ బాల్ మీద పెట్టారు. ముగ్గురు వర్సెస్ ముగ్గురు. ఒకరు ఆడుతుంటే మిగతా ఇద్దరినీ ఒక్క బటన్‌తో సాయానికి పిలవొచ్చు, మధ్యలో మార్చుకోవచ్చు. మొదట 24 మంది ఫైటర్లతో వచ్చింది, అందులో ముగ్గురు దాచి ఉంటారు, ఆడి తెరుచుకోవాలి. ఆ తర్వాత ఏళ్ల తరబడి డీఎల్‌సీలు, అంటే విడిగా కొనే అదనపు క్యారెక్టర్లు, వేసి 44 వరకు తీసుకెళ్లారు. ఈ డీఎల్‌సీ విషయం దగ్గర నాకు నిజంగా కోపం ఉంది, కిందకి వచ్చాక చెప్తాను.

చేతికి ఎలా ఉంటుంది అంటే, చాలా తేలిక. ఫైటింగ్ గేమ్ అనగానే స్టిక్‌ని సర్కస్ చేసినట్టు తిప్పాలని భయపడేవాళ్లు ఉంటారు కదా, ఇందులో దాదాపు ప్రతి స్పెషల్ దెబ్బా కిందనుంచి ముందుకో, కిందనుంచి వెనక్కో పావు చుట్టు తిప్పితే వచ్చేస్తుంది. గోకుతో కామెహమెహా, అంటే చేతుల్లోంచి వదిలే ఆ శక్తి కిరణం, వేయడం నేర్చుకున్నారంటే ఆ చేత్తోనే ఫ్రీజాతో, సెల్‌తో, బూతో కూడా సగం ఆట ఆడేయొచ్చు. స్క్వేర్ బటన్ ఒక్కటే వరుసగా కొడితే ఆటో కాంబో వచ్చేస్తుంది. ఆర్2 నొక్కితే సూపర్ డాష్, అంటే మీ మనిషి గాల్లో దూసుకుంటూ ఎదుటివాడి మీదకి తానే వెతుక్కుంటూ వెళ్తాడు. మొదటిసారి కంట్రోలర్ పట్టినవాడికి కూడా పది నిమిషాల్లో టీవీలో చూసిన ఫైట్ తన చేతిలో జరుగుతున్నట్టు అనిపిస్తుంది, అది మామూలు విషయం కాదు.

లోతు ఎక్కడుందంటే కీ బార్ల దగ్గర, కీ అంటే ఫైటర్ల లోపలి శక్తి. మొత్తం ఏడు బార్లు నిండుతాయి. సూపర్ అంటే బార్లు ఖర్చుపెట్టి వేసే గట్టి దెబ్బ, లెవెల్ 1 సూపర్‌కి ఒకటి, లెవెల్ 3 అనే పెద్ద సూపర్‌కి మూడు, ఎదుటివాడి వెనక మాయమై తేలే వానిష్‌కి ఒకటి. ఇక మ్యాచ్ మొత్తానికి ఒక్కసారే దొరికే స్పార్కింగ్ అనే పవర్ ఉంది (స్పార్కింగ్ జీరో గేమ్‌తో సంబంధం లేదు). అది వేస్తే దెబ్బ బలం పెరుగుతుంది, పోయిన హెల్త్‌లో నీలం రంగులో ఉన్న భాగం తిరిగి వస్తుంది. మీవాళ్లు ఎంత తక్కువమంది మిగిలితే అది అంత ఎక్కువసేపు ఉంటుంది. ముగ్గురూ ఉన్నప్పుడు వాడేస్తే చిటికెలో అయిపోతుంది. ఒక్కడే మిగిలి, అవతల ఇద్దరో ముగ్గురో ఉన్నప్పుడు దాచిపెట్టుకున్న స్పార్కింగ్ తీస్తే మ్యాచ్ మొత్తం తిరగబడుతుంది. ఓడిపోతున్నవాడు లేచి నిలబడటం డ్రాగన్ బాల్ కథలో ప్రాణం లాంటి విషయం. దాన్ని వీడియోగా చూపించకుండా ఆట రూల్‌లోనే పెట్టేశారు. నాకు ఈ గేమ్ మీద ఇంత ఇష్టం ఎందుకు అంటే మొదట చెప్పేది ఇదే.

ఏడు డ్రాగన్ బాల్స్ కూడా ఉన్నాయి. మ్యాచ్ జరుగుతుంటే కాంబోల పొడవుని బట్టి ఒక్కొక్కటీ చేరుతుంటాయి, అన్నీ చేరి, ఏడు కీ బార్లూ నిండి ఉన్నప్పుడు ఆటో కాంబో పూర్తిగా తగిలిస్తే షెన్రాన్ అనే డ్రాగన్ వస్తాడు, కోరిక అడుగుతాడు. చచ్చిపోయిన టీమ్ మనిషిని లేపమనొచ్చు, హెల్త్ నింపమనొచ్చు. ఎక్కువ మ్యాచుల్లో రాడు. వచ్చినప్పుడు మాత్రం ఆడుతున్నవాళ్లిద్దరూ ఒక్క క్షణం ఆగిపోతారు.

ఇక బాగాలేనివి. స్టోరీ మోడ్ సాగదీత. ఆండ్రాయిడ్ 21 అనే కొత్త పాత్రని డ్రాగన్ బాల్ సృష్టికర్త తోరియామా పర్యవేక్షణలో తయారు చేశారు, పాత్ర బాగుంది, ఆండ్రాయిడ్ 16తో ఆవిడ సీన్లు కొన్ని బాగున్నాయి. మధ్యలో మాత్రం మ్యాప్ మీద చుక్క నుంచి చుక్కకి వెళ్తూ అవే క్లోన్లని మళ్లీ మళ్లీ కొట్టడమే పని. మొదటి భాగంలో ఆ క్లోన్లు బ్లాక్ చేయడం కూడా సరిగా తెలియనట్టు నిలబడతారు, వాళ్లని కొట్టీ కొట్టీ మనకి నేర్చుకునేది ఏమీ ఉండదు. మూడు భాగాలుగా దాదాపు అదే కథని మూడు వైపుల నుంచి చెప్పారు. అంత ఓపిక నాకు లేదు, పూర్తి చేశాను కానీ ఇష్టంతో కాదు.

డీఎల్‌సీ. బేస్ గేమ్ సేల్‌లో తక్కువకి వస్తుంది, సంబరపడి కొంటాం, తీరా ఆన్‌లైన్‌కి వెళ్తే ఎదురుగా గోగెటా, బ్రోలీ, అల్ట్రా ఇన్‌స్టింక్ట్ గోకు. వాళ్లందరూ విడిగా డబ్బు పెట్టాల్సినవాళ్లే. టీవీలో విన్న అసలు పాటలు గేమ్‌లో వినాలన్నా మ్యూజిక్ ప్యాక్‌కి మళ్లీ డబ్బు. కాబట్టి బేస్ ఒక్కటే కాకుండా అన్నీ కలిపిన ఎడిషన్ సేల్‌కి వచ్చేదాకా ఆగండి అని నా సలహా.

ఎలా చూసినా, అనిమే మీద తీసిన ఫైటింగ్ గేమ్స్‌లో ఇంత ప్రేమతో, ఇంత గట్టిగా కట్టినది నేను ఇంకోటి ఆడలేదు. మీరేమంటారో రాయండి.

ఉక్కునగరం_వెజీటా:
రివ్యూ బాగుంది తమ్ముడూ, కానీ ఆటో కాంబో విషయంలో ఒప్పుకోను. ఒక్క బటన్ నొక్కితే ఆట అదే ఆడేస్తుంటే ఇక నేర్చుకోవడం ఎందుకు? మా టౌన్‌షిప్‌లో కుర్రాళ్లు వస్తారు, స్క్వేర్ కొడతారు, ఆర్2 కొడతారు, స్క్వేర్ కొడతారు. గెలుస్తారు కూడా. వాళ్లు ఫైటింగ్ గేమ్ ఆడుతున్నట్టు నాకు అనిపించదు. టెక్కెన్ 3 రోజుల నుంచి ఆడుతున్నవాడిని, ఒక్కో కాంబో చేతికి రావడానికి ఎంత కష్టపడ్డామో తెలుసు కాబట్టి చెప్తున్నాను.

గాజువాక_గోహన్:
అన్నా, ఆ కుర్రాళ్లు మీ మీద గెలుస్తున్నారంటే ఒక్కటి ట్రై చేయండి. వాళ్లు సూపర్ డాష్‌తో గాల్లో వస్తున్నప్పుడు కింద నొక్కి హెవీ, అంటే గట్టి దెబ్బ బటన్, కొట్టండి. ఆ దెబ్బ వేసేటప్పుడు మీ మనిషి పైభాగానికి గాల్లోంచి వచ్చే దెబ్బలు తగలవు, కాబట్టి దూసుకొచ్చేవాడే ఎగిరిపడతాడు, అక్కడి నుంచి కాంబో మీది. ఊరికే ఆర్2 కొట్టేవాడికి ఇదే మందు. రెండుసార్లు తింటే మూడోసారి రాడు, రానప్పుడు అసలు ఆట మొదలవుతుంది: వస్తాడా రాడా, అసిస్ట్ (సాయానికి వచ్చే టీమ్ మనిషి) పిలుస్తాడా, నేను ముందే కింద హెవీ కొడితే వాడు ఆగి దాని మీద కొడతాడా.

ఆటో కాంబోకి దెబ్బ కూడా తక్కువే. చేత్తో కట్టిన కాంబో, మధ్యలో అసిస్ట్ కలిపి, చివర్లో మూడు బార్ల సూపర్ పెడితే సగం మనిషి పోతాడు, అది ఒక్క స్క్వేర్‌తో రాదు. గుమ్మం తేలిక, లోపల ఇల్లు పెద్దది.

ఉక్కునగరం_వెజీటా:
కింద హెవీ సంగతి తెలుసు. టైమింగ్ ఆన్‌లైన్‌లో కుదరట్లేదు, ఆలస్యంగా వెళ్తోంది. ఇంట్లో ఆడితే కుదురుతుంది.

ఎంవీపీ_శ్రావణి:
గోహన్ గారు బొమ్మల గురించి రెండు లైన్లలో వదిలేశారు, నాకు అది సరిపోలేదు, కాబట్టి నేను రాస్తాను. నేను యానిమేషన్ స్టూడియోలో పనిచేస్తాను, ఈ గేమ్‌ని నేను ఆడిన దానికన్నా పాజ్ పెట్టి చూసిందే ఎక్కువ.

మామూలు 3డీ గేమ్‌లో ఒక పోజ్ నుంచి ఇంకో పోజ్‌కి వెళ్లేటప్పుడు మధ్య కదలిక అంతా కంప్యూటర్ నింపేస్తుంది, అందుకే నున్నగా జారినట్టు ఉంటుంది. వీళ్లు ఆ నింపడం ఆపేశారు. గేమ్ సెకనుకి 60 ఫ్రేముల వేగంతోనే నడుస్తుంది, కానీ బొమ్మ పోజ్ మాత్రం కొన్ని ఫ్రేములపాటు అలాగే నిలబడి, తర్వాత ఒక్కసారిగా ఇంకో పోజ్‌కి దూకుతుంది. చేత్తో గీసిన అనిమేలో జరిగేది సరిగ్గా అదే. దెబ్బ తగిలే క్షణంలో చెయ్యి ఎంత పొడవు ఉండాలో అంతకన్నా పొడవుగా సాగదీస్తారు, పిడికిలి పెద్దది చేస్తారు, ముఖం మీద నీడని కూడా సహజంగా ఎక్కడ పడాలో అక్కడ కాకుండా కళాకారుడు ఎక్కడ గీస్తాడో అక్కడ పడేలా సర్దుతారు. పాజ్ కొట్టి చూడండి, ఏ క్షణంలో ఆపినా మాంగా పేజీలో ఒక గడిలా ఉంటుంది. ఇంజిన్ అన్‌రియల్ 4, చాలామంది వాడే ఇంజినే. తేడా అంతా ఒక్కో పోజ్ మీద మనిషి కూర్చుని చేసిన పనిలో ఉంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది చిన్న గోహన్ లెవెల్ 3 సూపర్. అనిమేలో సెల్‌తో చివరి పోరాటంలో గోహన్‌కి ఎడమ చెయ్యి పనిచేయదు గుర్తుందా, ఒక్క చేత్తోనే కామెహమెహా వేస్తాడు, వెనకాల గోకు నీడ కనిపిస్తుంది. గేమ్‌లో ఆ సూపర్ వేసినప్పుడు ఆ చెయ్యి అలాగే వేలాడుతూ ఉంటుంది. అప్పటిదాకా మ్యాచ్‌లో రెండు చేతులతోనే కొట్టుకుంటున్న పిల్లాడు ఆ నాలుగైదు సెకన్లు మాత్రం ఆ గాయంతో ఉంటాడు. ఎవరూ అడగలేదు, చేయకపోయినా ఎవరూ తిట్టరు, అయినా చేశారు. సెల్ గేమ్స్ స్టేజ్ మీద గోహన్‌తో సెల్‌ని సరైన దెబ్బతో ముగిస్తే ఆ సీన్ మొత్తం వేరేగా వస్తుంది కూడా.

కంచరపాలెం_క్రిలిన్:
ఆ డ్రమాటిక్ సీన్ల గురించి కొంచెం చెప్పండి మేడమ్, నాకు ఒక్కసారే వచ్చింది, మళ్లీ ఎంత ఆడినా రావట్లేదు.

ఎంవీపీ_శ్రావణి:
స్టేజ్ సరైనది కావాలి, ఇద్దరూ సరైనవాళ్లు కావాలి, ఆఖరి మనిషిని గట్టి దెబ్బతో పడగొట్టాలి, సూపర్‌తో కాదు. మొదట్లో వచ్చేవి కూడా ఉన్నాయి. నమేక్ స్టేజ్‌లో సూపర్ సయాన్ గోకు, ఫ్రీజా ఎదురెదురుగా ఉండి, గోకు టీమ్‌లో క్రిలిన్ ఉంటే, ఫ్రీజా క్రిలిన్‌ని చంపే సీన్, గోకు జుట్టు బంగారు రంగుకి మారే సీన్ మ్యాచ్‌కి ముందే వస్తాయి. నాప్పా చేతిలో యాంచా ఓడిపోతే సైబామన్ సీన్, గుంతలో ముడుచుకుని పడుకునే ఆ పోజ్. మీ పేరు చూస్తే మీకు మొదటిదే వచ్చి ఉంటుంది అనుకుంటున్నాను.

కంచరపాలెం_క్రిలిన్:
అదే. క్రిలిన్‌ని నేనే టీమ్‌లో పెట్టాను, అందుకే వచ్చిందన్నమాట. మా నాన్న ఆ సీన్ చూసి "ఇది నువ్వు చిన్నప్పుడు చూసేది కదా" అన్నారు.

పెందుర్తి_పీఎస్4:
అన్నలూ అక్కలూ, నా దగ్గర పీఎస్4 స్లిమ్ ఉంది, పీఎస్5 ఇప్పట్లో కొనలేను. ఫైటర్జ్ పీఎస్4 డిస్క్ తీసుకుంటే దండగా?

రుషికొండ_నెట్:
దీనికి నేను చెప్తాను, కొంచెం పెద్దదవుతుంది.

ఇంట్లో ఆడుకోవడానికి అయితే పీఎస్4లో ఏ లోటూ లేదు. తేడా ఆన్‌లైన్‌లో. పీఎస్4 వెర్షన్ పాత పద్ధతిలోనే ఉండిపోయింది. ఆ పద్ధతిలో మీరు బటన్ నొక్కితే, అవతలివాడు ఏం నొక్కాడో సమాచారం వచ్చేదాకా గేమ్ మీ బటన్‌ని కూడా ఆపి ఉంచుతుంది. నెట్ బాగుంటే తెలియదు. బాగోకపోతే కంట్రోలర్ తేనెలో ముంచినట్టు ఉంటుంది, ఉక్కునగరం అన్న కింద హెవీ ఆలస్యంగా వెళ్తోంది అన్నది ఇదే. కొత్త వెర్షన్లలో రోల్‌బ్యాక్ అనే పద్ధతి పెట్టారు, అందులో గేమ్ ఆగదు, అవతలివాడు ఏం నొక్కుతాడో ఊహించి ముందుకి పోతుంది, ఊహ తప్పితే రెండు మూడు ఫ్రేములు వెనక్కి వెళ్లి సరిచేసి మళ్లీ అందుకుంటుంది. ఒక్కోసారి బొమ్మ చిన్నగా ఎగిరినట్టు కనిపిస్తుంది కానీ మీ చెయ్యి మాత్రం మీ చెయ్యే. 60లో ఒక ఫ్రేమ్ అంటే దాదాపు 16.7 మిల్లీసెకన్లు. ఇలాంటి ఫ్రేములు నాలుగైదు ఆలస్యమైతేనే చూసి కొట్టే దెబ్బ ఏదీ కుదరదు, ఊహించి కొట్టాల్సిందే.

రోల్‌బ్యాక్ పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్, పీసీలకే ఇచ్చారు. పీఎస్4 గేమ్ ఉన్నవాళ్లు తర్వాత పీఎస్5 కొంటే అప్‌గ్రేడ్ ఉచితం, కానీ డిస్క్ కొన్నవాళ్లు డిస్క్ డ్రైవ్ ఉన్న పీఎస్5 తీసుకోవాలి, ఇది గుర్తుపెట్టుకోండి. కాబట్టి తమ్ముడూ, ఇప్పుడు డిస్క్ తీసుకుని ఇంట్లో ఆడు, దండగ కాదు.

ఇంకొక్క మాట అందరికీ. మన విశాఖలో వైఫై మీద ఆడి గేమ్‌ని తిట్టేవాళ్లు ఎక్కువ. రోల్‌బ్యాక్ ఉన్నా సరే, రౌటర్ హాల్లో, కన్సోల్ లోపలి గదిలో, మధ్యలో రెండు గోడలు ఉంటే సిగ్నల్ ఒక్కసారి పైకి ఒక్కసారి కిందకి పోతూ ఉంటుంది, ఆ హెచ్చుతగ్గులే ఆటని చంపుతాయి. స్పీడ్ ఎంత అన్నది అంత ముఖ్యం కాదు. ఒక లాన్ కేబుల్ గోడ అంచున లాగండి. మేము పది మీటర్ల కేబుల్ కొని తలుపు కింద నుంచి లాగాం, అప్పటినుంచి సమస్య లేదు.

పెందుర్తి_పీఎస్4:
చాలా థ్యాంక్స్ అన్నా. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు.

భీమిలి_హొకాగే:
అందరూ ఇంత పొగుడుతున్నారు కాబట్టి రెండో వైపు కూడా ఉండాలి. నాకు స్పార్కింగ్ జీరోనే గొప్ప. 2024 అక్టోబర్‌లో వచ్చినప్పుడే 182 మంది ఫైటర్లు ఉన్నారు. అన్ని వైపులా ఎగరొచ్చు, కొండల వెనక దాక్కోవచ్చు, భవనాలు కూలతాయి, ఒకడిని ఊరి ఈ చివర నుంచి ఆ చివరకి తన్నొచ్చు. అనిమే చూస్తే మనకి వచ్చే కోరిక అదే కదా. ఫైటర్జ్‌లో ఎంత అందంగా గీసినా చివరికి ఒక గీత మీద ఎడమకీ కుడికీ నడవడమే. నారుటో స్టార్మ్ 4 కూడా నాకు అందుకే ఇష్టం, సైబర్‌కనెక్ట్2 వాళ్లు కథ చెప్పిన తీరు ముందు ఫైటర్జ్ స్టోరీ మోడ్ నిలబడదు. చిన్నప్పటి నుంచి చూసిన కథని మళ్లీ చేత్తో ఆడుతూ బతకాలి అనుకునేవాడికి ఈ గేమ్ ఏమిస్తుంది? ట్రైనింగ్ మోడ్‌లో కూర్చోమంటుంది.

గాజువాక_గోహన్:
కథ విషయంలో మీరు చెప్పింది నిజం బ్రో, స్టార్మ్ 4కి అక్కడ పోటీయే లేదు. స్పార్కింగ్ జీరోలో వెజీటా కోతిగా మారే ఫైట్ దగ్గర మొదట్లో చాలామంది ఇరుక్కుపోయారు గానీ, ఆ భయం కూడా కథకి తగ్గట్టే ఉంది అని నా అభిప్రాయం.

కానీ ఆ గేమ్‌లో నేను ఒక్క విషయం జీర్ణించుకోలేను. రిలీజ్ అయినప్పుడు ఒకే టీవీ ముందు ఇద్దరు ఆడాలంటే హైపర్‌బోలిక్ టైమ్ చాంబర్ ఒక్క స్టేజే ఇచ్చారు. తెల్లగా, ఖాళీగా ఉండే స్టేజ్. కూలే భవనాలు, కొండలు, మీరు చెప్పినవి ఏవీ అందులో లేవు. స్క్రీన్ రెండు ముక్కలు చేస్తే మెషీన్‌కి భారం అని అర్థం చేసుకోగలను. కానీ మన ఇళ్లలో కన్సోల్ ఒక్కటే, టీవీ ఒక్కటే, సాయంత్రం అన్నదమ్ములో, పక్కింటి కుర్రాడో వస్తేనే ఆట. ఫైటర్జ్‌లో ఇద్దరూ ఒకే స్క్రీన్ మీద ఉంటారు కాబట్టి కోత ఏమీ లేదు, ఉన్న స్టేజులన్నీ, ఉన్న మనుషులందరూ, రెండో కంట్రోలర్ ఉంటే చాలు. మీరు ఎడమకీ కుడికీ నడవడమే అన్నారు చూడండి, ఆ ఒక్క గీత వల్లే ఇద్దరూ ఒకేదాన్ని చూస్తూ ఆడగలుగుతున్నారు.

భీమిలి_హొకాగే:
ఆ పాయింట్ ఒప్పుకుంటాను. మా ఇంట్లో నేనొక్కడినే ఆడతాను, అందుకే నాకు లోటు తెలియలేదు. 182 మంది, ఆ ఎగరడం మాత్రం నేను వదులుకోను.

ఉక్కునగరం_వెజీటా:
182 మందిలో ఎంతమంది వేరువేరుగా ఆడతారు హొకాగే? సగం మంది చెయ్యి ఒకేలా ఉంటుంది. ఫైటర్జ్‌లో 44 మంది 44 రకాలు. గిన్యూ తన దళాన్ని పిలిచే తీరు వేరు, హిట్ దూరం నుంచి గాలిలో కనపడని దెబ్బ కొట్టే తీరు వేరు. ఆటో కాంబో మీద నా మాట మార్చుకోను గానీ, ఈ విషయంలో ఆర్క్ వాళ్లకి దండం పెట్టాలి.

జగదాంబ_జంక్షన్:
నాది ఇంకో రకం అనుభవం, కొనేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను. సెకండ్ హ్యాండ్‌లో ఫైటర్జ్ డిస్క్ కొన్నాను, షాపు పేరు అనవసరం. బాక్స్ మీద ఎడిషన్ పెద్దది రాసి ఉంది, షాపతను కూడా "అన్ని క్యారెక్టర్లూ ఉన్నాయి బాబూ" అన్నాడు. ఇంటికొచ్చి పెడితే బేస్ గేమ్ ఒక్కటే. ఆ అదనపు క్యారెక్టర్లు డిస్క్‌లో ఉండవు, లోపల కాగితం మీద ఒక కోడ్ ఉంటుంది, అది ఒకసారి వాడితే అయిపోయింది, మొదట కొన్నవాడి అకౌంట్‌కి వెళ్లిపోయింది. వెనక్కి ఇవ్వమంటే ఒప్పుకోలేదు. పెద్ద ఎడిషన్ సెకండ్ హ్యాండ్‌లో ఎవరైనా ఎక్కువ డబ్బు చెప్తే ఇవ్వకండి, బేస్ డిస్క్ ధర మాత్రమే ఇవ్వండి. క్యారెక్టర్లు కావాలంటే స్టోర్‌లో సేల్ వచ్చినప్పుడు విడిగా తీసుకోవడమే.

బీచ్‌కి దగ్గరున్న మనవాళ్లకి ఇంకోటి. ఉప్పుగాలికి కంట్రోలర్ బటన్లూ, చార్జింగ్ పిన్నూ తొందరగా పాడవుతాయి. కిటికీ పక్కన వదిలేయకండి, ఆడాక పొడిగుడ్డతో తుడిచి డబ్బాలో పెట్టండి. ఈ గేమ్‌లో పావు చుట్లు ఎక్కువ కాబట్టి డైరెక్షన్ బటన్లు అరిగితే వెంటనే తెలిసిపోతుంది, కామెహమెహా వేద్దామంటే గోకు ఊరికే గెంతుతాడు.

ఎంవీపీ_శ్రావణి:
జగదాంబ గారు చెప్పిన కోడ్ విషయం అందరూ గమనించండి, నా ఫ్రెండ్‌కి కూడా ఇలాగే అయింది.

గొంతుల గురించి ఎవరూ రాయలేదు. గేమ్‌లో జపనీస్, ఇంగ్లీష్ రెండూ ఉన్నాయి, సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు. దయచేసి జపనీస్ పెట్టి ఒక్కసారి వినండి. గోకుకి, గోహన్‌కి, గోటెన్‌కి, బార్డాక్‌కి నలుగురికీ మసాకో నోజావా గారే చెప్తారు. ఆవిడ 1936లో పుట్టారు, అంటే గేమ్ వచ్చేనాటికి ఎనభై దాటేశాయి. బార్డాక్ అరుపులో తండ్రి బరువు, గోటెన్ నవ్వులో ఏడేళ్ల పిల్లాడు, రెండూ ఒకే గొంతు అంటే మా అమ్మ నమ్మలేదు. మన కార్టూన్ నెట్‌వర్క్‌లో డ్రాగన్ బాల్ సూపర్ తెలుగులో వచ్చాక మా తమ్ముడి పిల్లలు ఆ డైలాగులు తెలుగులోనే అంటారు, గేమ్‌లో కూడా తెలుగు గొంతు ఉంటే ఎంత బాగుండేదో అని గట్టిగా అనిపిస్తుంది. టీవీ వాళ్లు చేయగలిగినప్పుడు, ఇంత అమ్ముడుపోయే గేమ్‌కి కనీసం తెలుగు సబ్‌టైటిల్స్ అయినా ఇవ్వాలి. దీన్ని అడగాల్సింది మనమే, అడగకపోతే ఎవరూ ఇవ్వరు.

రుషికొండ_నెట్:
సబ్‌టైటిల్స్ విషయంలో మీతో ఉన్నాను. పబ్లిషర్ సపోర్ట్ పేజీలో రిక్వెస్ట్ రాసే చోటు ఉంటుంది, అందరం రాద్దాం.

ఆట ఎంత దూరం వెళ్తుందో చూడాలనుకునేవాళ్లు ఈవో అనే పెద్ద ఫైటింగ్ గేమ్ టోర్నమెంట్ 2018 ఫైనల్ చూడండి. అమెరికా నుంచి సోనిక్‌ఫాక్స్, జపాన్ నుంచి గో1. ఆ ఏడాది సోనిక్‌ఫాక్స్ గెలిచారు, తర్వాతి ఏడాది 2019లో అదే టోర్నమెంట్‌లో గో1 గెలిచారు. గో1 బ్లాక్ చేసే తీరు చూస్తే చాలు. ఎదుటివాడు ఎడమా కుడీ పైనా కిందా మార్చి మార్చి కొడుతుంటాడు, అసిస్ట్ ఇంకోవైపు నుంచి వస్తుంటుంది, అన్నీ ఆపేస్తారు. మనం దెబ్బలు నేర్చుకోవడానికి తొందరపడతాం, బ్లాక్ చేయడం కూడా ఒక విద్య అని నాకు తెలిసింది ఆ మ్యాచులు చూశాకే.

మధురవాడ_కొత్త:
ఇదంతా చదివాక నిన్న సేల్‌లో పీఎస్5 వెర్షన్ కొనేశాను. బేస్ కాదు, పెద్దదే. ఇప్పుడు ఎవరిని పెట్టుకోవాలో తెలియట్లేదు. చూడగానే గోగెటా, అల్ట్రా ఇన్‌స్టింక్ట్ గోకు, కెఫ్లా పెట్టాను, ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. టెన్షన్‌గా ఉంది, ఆన్‌లైన్‌కి వెళ్లాలంటేనే. నేర్చుకోవడానికి ఏ టీమ్ మంచిది?

ఉక్కునగరం_వెజీటా:
టెన్షన్ పడకు తమ్ముడూ, అక్కడ ఆడుతున్నవాళ్లు ఏళ్ల నుంచి ఉన్నవాళ్లు. మొదట సూపర్ సయాన్ గోకు. వాడి దగ్గర అన్నీ ఉన్నాయి, ఏదీ విచిత్రంగా ఉండదు. వాడితో నేర్చుకున్నది ఎవరితోనైనా పనిచేస్తుంది. రెండోవాడు సూపర్ సయాన్ వెజీటా, వాడి అసిస్ట్‌లో వరుసగా కీ బుల్లెట్లు వెళ్తాయి, అవతలివాడు బ్లాక్ చేస్తూ నిలబడిపోతాడు, ఆ సందులో నువ్వు దగ్గరకి వెళ్లొచ్చు. మూడోది ఆండ్రాయిడ్ 18, ఆవిడ అసిస్ట్‌లో నీ చుట్టూ రక్షణ గోళం వస్తుంది, దెబ్బలు తింటూ ఊపిరాడనప్పుడు అదే కాపాడుతుంది. ముగ్గురూ బేస్ గేమ్‌లో ఉన్నవాళ్లే, డబ్బు పెట్టినవాళ్లని పక్కన పెట్టు ప్రస్తుతానికి.

ఎంవీపీ_శ్రావణి:
వెజీటా అన్న టీమ్ మంచిదే, కానీ ఇష్టం లేని మనిషితో ఎవరూ ఎక్కువకాలం ఆడరు. నీకు గోగెటా ఇష్టమైతే మూడో చోట గోగెటానే ఉంచుకో. ప్రాణంగా చూసుకునే క్యారెక్టర్ టీమ్‌లో ఒకరు ఉంటే ఓడిపోయినా మళ్లీ రీమ్యాచ్ నొక్కుతాం.

గాజువాక_గోహన్:
ఇద్దరూ చెప్పింది కలిపేయండి, గోకు, వెజీటా, మీకు నచ్చిన ఒకరు. ఇప్పుడు ఒక్కో క్యారెక్టర్‌కి మూడు అసిస్టులు ఎంచుకునే వీలుంది, సెలెక్ట్ చేసేటప్పుడు ఏ, బీ, సీ అని కనిపిస్తాయి. వెజీటాకి ఏ పెట్టండి, ఆ బుల్లెట్లు అక్కడే ఉంటాయి.

ట్రైనింగ్ మోడ్‌లో కాంబోలతో మొదలుపెట్టకండి. ఎదుటి బొమ్మని సూపర్ డాష్ మాత్రమే చేసేలా రికార్డ్ చేసి పెట్టుకుని, కింద హెవీ ఒక్కటే కొడుతూ ఉండండి, చూడకుండానే చెయ్యి వెళ్లేదాకా. ఆ తర్వాత కాంబో ఛాలెంజ్‌లలో గోకువి మొదటి నాలుగైదు చేయండి, చివరివి ఇప్పుడు అక్కర్లేదు. ర్యాంక్డ్‌కి వెళ్లకుండా ముందు మనవాళ్లతో రింగ్ మ్యాచులు ఆడండి, లాబీలో రింగ్ తెరిచి పాస్‌వర్డ్ పెడితే మనం మాత్రమే వస్తాం. ఆదివారం రాత్రి తొమ్మిదికి నేనూ, రుషికొండ అన్నా ఉంటాం. పాస్‌వర్డ్ ఇక్కడ పెట్టను, మెసేజ్ చేయండి.

మధురవాడ_కొత్త:
వస్తాను. లాన్ కేబుల్ కూడా ఈలోపు తెచ్చేస్తాను.

పెందుర్తి_పీఎస్4:
నేను పీఎస్4 కాబట్టి ఆన్‌లైన్‌లో మీతో కలవలేను. ఎవరింట్లోనైనా ఆడుతుంటే చెప్పండి, రెండో కంట్రోలర్ నాది తెచ్చుకుంటాను.

ఉక్కునగరం_వెజీటా:
మా ఇంటికి రా తమ్ముడూ, నాదీ పీఎస్4 కాపీయే. కుర్రాళ్లు శనివారం సాయంత్రం వస్తారు, అందరూ ఆర్2 బ్యాచే. కింద హెవీ ప్రాక్టీస్ చేసుకుని రా.